మీరిచ్చిన పిల్ల

నర్సరీ షెడ్డు,
నారుమడి పక్కన పీట మీద నుంచి.
తారీఖు తెలీదు, సోమవారం.

వదినగారికి నమస్కారం.

పెళ్ళి హడావుడిలో మీతో నాలుగు మాటలైనా మాట్లాడలేకపోయాను. నేను నోరు తెరిస్తే మీవాళ్ళు ఉలిక్కిపడతారని మావారు నా పక్కనే కాపలా నిలబడ్డారు. ముప్ఫై ఏళ్ళుగా మోటారు పంపు పక్కన అరిచి అరిచి ఈ గొంతు ఇలా తయారైంది. అందుకే ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నాను. మా వ్యాను డ్రైవరు పదిహేను రోజులకోసారి మీ వైపు సరుకు వేస్తాడు. జవాబు అతని చేతికే ఇవ్వండి. కాగితానికి మట్టి అంటింది, దులుపుకుని చదవండి.

ఆ రోజు మీ ఇంటికి రెండు పంపించాను. ఒకటి మా అమ్మాయి. రెండోది దాని ఒళ్ళో సంచిలో పెట్టిన సొరమొక్క. కూతురు కారెక్కుతుంటే ఏ తల్లైనా ఏడుస్తుందట. నేనేమో "సంచి వంచకే, పిల్ల మెడ విరుగుతుంది" అన్నాను. అంతే! "నీకు పిల్లలంటే అవేగా, నేనెవర్ని?" అని ముఖం తిప్పేసుకుంది. చెయ్యి కూడా ఊపలేదు. ఇరవై రోజులైంది, మాట లేదు, పలుకు లేదు. చిన్నప్పటి నుంచీ అదే పాట. సరే, ఆవిడకంత పట్టుదలుంటే నాకు లేదా? నేను దాని కన్నతల్లిని. దాని సంగతి అడగను. అడిగితే లోకువ.

పిల్ల సంగతి మాత్రం తప్పకుండా రాయండి. లేతది, కొత్త చోటు, కుదురుకునేదాకా డీలాగానే ఉంటుంది. పొద్దున్నే మేడ మీద ఎండ తగలనివ్వండి. మొదటి రోజు గంట చాలు. తర్వాత పెంచుకుంటూ ఆరు గంటల దాకా వెళ్ళండి. రెండు పూటలా నీళ్ళు పట్టండి. కూరగాయలు ఉడికించిన నీళ్ళు పారబొయ్యకండి. ఉప్పు వెయ్యకుండా, చల్లార్చి అవే పట్టండి. దానికి ఎంత బలమో!

మీ వదిన


మేడ మీద వాటా,
ముందు గది, రాత బల్ల.
మార్చి 9.

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందినది. ఎర్ర అట్ట ఫైలులో ఒకటో కాగితంగా చేర్చాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు గుమాస్తాగిరీ చేసినదాన్ని. కాగితం మీద ఏముంటే అది ఉన్నట్టుగా అమలు చెయ్యడం తప్ప నాకింకేమీ తెలియదు. కాబట్టి మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

మొదటి పేజీలో "అడగను" అన్నారు, పేజీ తిప్పగానే పిల్ల సంగతి తప్పకుండా రాయమన్నారు. మీ కోపం ఒక పేజీ దాటదని అర్థమై సంతోషించాను. మీరు పిల్ల అంటున్నారు కనుక నేనూ అదే మాట వాడుతున్నాను. ఒకే విషయానికి రెండు పేర్లుంటే ఫైలు పాడవుతుంది.

వచ్చిన మొదటి వారం పిల్ల డీలాగా ఉన్న మాట నిజమే. రంగు కూడా కొంచెం పాలిపోయింది. మీ ఆదేశం ప్రకారం ఎండ మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగు గంటల దాకా వచ్చాం. మా ఇంట్లో ఇలాంటి అలవాటు లేదు, కానీ పెంచినవారు మీరు, మీకు తెలియనిదా? నేను కూడా గొడుగు వేసుకుని పక్కనే కూర్చుంటున్నాను. గొడుగు నా ఒక్కదానికే, పిల్ల మీద నీడ పడకుండా చూసుకుంటున్నాను. ఉప్పులేని నీళ్ళు మొదట్లో సగం అలాగే ఉండిపోయేవి. ఇప్పుడు చుక్క మిగలడం లేదు.

ఒక సందేహం. అన్నీ సక్రమంగా చేస్తున్నా సాయంత్రమయ్యేసరికి కాస్త వాలిపోతోంది. ఏం చెయ్యమంటారు?

పిల్ల వచ్చాక ఇల్లు పచ్చగా ఉంది. ఇది మీరు అడగలేదు, నేనే రాస్తున్నాను.

ఇట్లు,
మీ వదిన


నర్సరీ షెడ్డు,
కుండీల వరస చివర నుంచి.
శుక్రవారం, చెయ్యి తడిగా ఉంది, అక్షరాలు అలుక్కుంటే క్షమించాలి.

వదినగారికి,

మీ ఆఫీసు భాష సగం నా తలకెక్కలేదు కానీ పిల్ల కోలుకుంటోందని మాత్రం అర్థమైంది. గొడుగు వేసుకుని నాలుగు గంటలు పక్కన కూర్చున్నారా! మీలాంటి మనిషిని నా జన్మలో చూడలేదు. మావారికి చదివి వినిపిస్తే, "నువ్వెప్పుడైనా నా పక్కన అలా కూర్చున్నావా?" అన్నారు. మీ వల్ల మా ఇంట్లో గొడవ.

వాలిపోతోందంటే ఆసరా కావాలన్నమాట. పక్కన పొడుగ్గా, నిటారుగా ఉన్నదేదైనా నిలబెట్టండి. మెత్తటి గుడ్డతో కట్టండి. బిగించకండి, ఊపిరాడదు.

ఇంకో సంగతి, మీతో చెప్పడానికి మొహమాటంగా ఉంది. ఈ రోజుల్లో పేను పట్టొచ్చు. నా దగ్గరున్నప్పుడే ఒకసారి పట్టింది, నానా తంటాలు పడి వదిలించాను. దగ్గరికి తీసుకుని ఓపిగ్గా వెతకండి. కంటికి కనిపించినా కనిపించకపోయినా సబ్బునీళ్ళతో ఒకసారి కడిగెయ్యండి. సిగ్గుపడాల్సిందేం లేదు, ఎంత మంచి ఇంట్లోనైనా వస్తుంది.

మా అమ్మాయి నా గురించి ఏమైనా అందా? అడగడం లేదు, ఊరికే రాశాను. జవాబు రాయక్కర్లేదు.

మీ వదిన


మేడ మీద వాటా,
ముందు గది, రాత బల్ల.
ఏప్రిల్ 2.

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందినది. ఫైలులో రెండో కాగితం.

ఆసరా విషయం. మా ఇంట్లో పొడుగ్గా, నిటారుగా ఉన్నది మా అబ్బాయి ఒక్కడే. సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణం నుంచి రాగానే మేడ మీద గంటసేపు పక్కన నిలబెడుతున్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "ఆదేశం" అన్నాను. గుడ్డతో కట్టాల్సిన అవసరం రాలేదు. రెండో రోజుకే పిల్ల వాడి భుజం మీద వాలింది. మూడో రోజు నుంచి వాడే నాకంటే ముందు మెట్లెక్కుతున్నాడు.

పేను విషయం. కిటికీ దగ్గర, భూతద్దం పెట్టి, గంటన్నర వెతికాను. ఒక్కటి లేదు. అయినా మీరు చెప్పారు కాబట్టి సబ్బునీళ్ళతో కడిగి మెత్తటి తువ్వాలుతో ఒత్తాను. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు, మీ ఇంటి పరువు మా ఇంటి పరువు కాదా?

"జవాబు రాయక్కర్లేదు" అన్న ప్రశ్నకు, మీ ఆదేశం ప్రకారం, జవాబు రాయడం లేదు.

ఇక పిల్ల మాట. ఎంత ఏపుగా తయారైందో మీరు చూడాలి! ఇల్లంతా తనదే. ఇటు వంటింట్లోకి వచ్చేసింది, అటు నా రాత బల్ల దాకా వచ్చేసింది. నిన్న ఫైలు తాడు లాగి కాగితాలన్నీ కింద పడేసింది. ఇంకెవరైనా అయితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఏమీ అనలేకపోయాను, ముద్దొచ్చింది.

ఇట్లు,
మీ వదిన


నర్సరీ షెడ్డు.
ఏ వారమో తెలీదు, డ్రైవరు హారను కొడుతున్నాడు.

అయ్యో వదినగారూ!

కొంప ముంచారు కదండీ! ముద్దు చేస్తే నెత్తికెక్కుతుందని తెలీదా? వంటింట్లోకి ఎలా రానిచ్చారు? పైగా మీ అబ్బాయిని గంటసేపు నిలబెట్టడమేమిటి, అతనికి కాళ్ళు నొప్పెట్టవూ? ఒక కర్ర చాలదా?

ఇప్పటికైనా మించిపోలేదు. వెంటనే గిల్లండి. మీ మెతకదనం నాకర్థమైంది, ఊరికే తడిమి వదిలేస్తారు. అలా కాదు, గోరు దిగేలా గిల్లాలి. కాస్త నీరు కారుతుంది, చూసి జాలిపడకండి. గిల్లితేనే దారిలో పడుతుంది. నేను రోజుకి యాభై మంది పిల్లల్ని గిల్లుతాను, చెయ్యి తిరిగిపోయింది.

అప్పటికీ లొంగకపోతే మూడు రోజులు నీళ్ళు మానేయండి. ఎండ మాత్రం మానకండి. తల వాల్చేస్తుంది, చూస్తే మీకే బెంగ పుడుతుంది. పట్టించుకోవద్దు. ఎండగడితేనే బుద్ధొస్తుంది.

అదీ మీ వల్ల కాకపోతే వ్యానెక్కించి నా దగ్గరికి పంపించెయ్యండి. నా దగ్గర పెద్ద కత్తెరుంది. రెండు నిమిషాల పని.

మీ వదిన


మేడ మీద వాటా.
ఏప్రిల్ 21.

పిల్ల తల్లిగారికి,

మీ మూడో ఉత్తరం అందినది. ఫైలులో పెట్టలేదు. పెట్టడానికి చెయ్యి రాలేదు. చీరల కింద దాచాను, కోడలి కంట పడకూడదని.

ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో పైనుంచి వచ్చిన ఆదేశాన్ని నేను ఒక్కసారి కూడా కాదనలేదు. ఇప్పుడు కాదంటున్నాను. గిల్లను. గోరు దిగేలా కాదు కదా, గోరు తగిలేలా కూడా గిల్లను. నీళ్ళు మానను. మీకు చేతనైంది చేసుకోండి.

పెళ్ళిలో మీ గొంతు విని గట్టి మనిషి అనుకున్నాను. ఇంత రాతిగుండె అనుకోలేదు. కన్నీళ్ళు కారితే జాలిపడకూడదా? తల వాల్చేస్తే పట్టించుకోకూడదా? రోజుకి యాభై మంది పిల్లల్ని గిల్లుతానని గొప్పగా రాశారు, వాళ్ళ అమ్మానాన్నలు ఎలా ఊరుకుంటున్నారండీ? అక్కడ పోలీసులు లేరా?

తప్పు నాదే. నాకు ఆడపిల్ల లేదు. ఆడపిల్లని ఎలా చూసుకోవాలో తెలియదు, తల్లి రాసిందే వినాలి అనుకున్నాను. ఎండలో కూర్చోబెట్టమంటే ఆ బంగారు తల్లిని ఆరు గంటలు కూర్చోబెట్టాను. ఉప్పులేని చప్పిడి నీళ్ళు తాగించాను. తలలో పేలు లేకపోయినా వెతికాను. అది ఒక్కసారి కూడా "ఎందుకత్తయ్యా?" అనలేదు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే నవ్వి కూర్చునేది. అలాంటిదాన్ని గిల్లమంటారా?

మావారు పోయి తొమ్మిదేళ్ళయింది. మా అబ్బాయీ నేనూ భోజనాల బల్ల దగ్గర "ఉప్పు", "చాలు" అనే రెండే మాటలతో తొమ్మిదేళ్ళు గడిపాం. ఇప్పుడు ఆ బల్ల దగ్గర ముగ్గురం అరుస్తూ పోట్లాడుకుంటున్నాం. అది వంటింట్లోకి వస్తుంది, నా ఫైళ్ళు లాగుతుంది, నా కళ్ళజోడు పెట్టుకుని నన్నే వెక్కిరిస్తుంది. రానివ్వండి, లాగనివ్వండి. మీకేం?

వ్యానెక్కించి పంపమన్నారు. పంపను. మీరు కత్తెర పట్టుకుని మా మెట్లెక్కితే తలుపు తియ్యను.

సంతకం


నర్సరీ షెడ్డు.
ఆదివారం పొద్దున్న. ఈ కాగితం మీద మట్టి లేదు, చేతులు కడుక్కుని రాస్తున్నాను.

వదినగారూ,

ముందు ఒక్క మాట చెప్పండి. మీరు ఎండలో కూర్చోబెట్టింది ఎవర్ని?

అమ్మా, నేను రాసిందంతా సొరపాదు గురించి! మొక్కని పిల్ల అనడం నా నోటికి అలవాటు. ఎండ దానికి. ఉడికించిన నీళ్ళు దానికి. పేనంటే ఆకుల కింద పట్టే పురుగు. గిల్లమన్నది తీగ కొసని. యాభై మంది పిల్లలంటే యాభై మొక్కలండీ, పోలీసుల్ని పిలవకండి!

మీ ఉత్తరం మావారు పైకి చదివారు. "అమ్మానాన్నలు ఎలా ఊరుకుంటున్నారండీ" దగ్గరికొచ్చేసరికి నవ్వాపుకోలేక ఎరువు గుట్ట మీద చతికిలబడ్డారు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. తర్వాత, అది ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదన్న చోట ఏడుపొచ్చింది. కారెక్కేటప్పుడు రాని ఏడుపు, రెండు నెలలు ఆలస్యంగా, మొక్కలు కొనడానికొచ్చినవాళ్ళ ఎదురుగా వచ్చింది. పాపం వాళ్ళు కొనకుండానే వెళ్ళిపోయారు.

ఆ రోజు సంచి గురించి ఎందుకన్నానో మీకొక్కరికే చెబుతాను. దాని ముఖంలోకి చూస్తే నాకు గొంతు పెగలదు. సంచి వైపు చూస్తే పెగిలింది. అందుకని సంచి గురించి అన్నాను. ఉత్తరాల్లోనూ అదే పని చేశాను. సొరపాదు గురించి మూడు ఉత్తరాలు రాశాను, కన్నకూతురి గురించి ఒక్కటి రాయలేదు. అది అన్నమాటే నిజమైంది కదండీ.

మిమ్మల్ని ఒక్కటే బతిమాలుకుంటున్నాను. నేను తన గురించే అన్ని పేజీలు రాశానని అది అనుకుంటోంది. అనుకోనివ్వండి. అదంతా సొరపాదుకని తెలిస్తే ఇంక ఈ జన్మలో నాతో మాట్లాడదు. మీరు ఎప్పుడూ అబద్ధం రాసి ఉండరు, తెలుసు. రాయమనడం లేదు, ఊరుకోండి చాలు.

నా కూతురి కోసం నా మీదే అంత ఎగిరారు. రాతిగుండె అన్నందుకు నాకేం కోపం లేదు. ఇంకో నాలుగు తిట్టినా బాగుండేది.

మీ వదిన


మేడ మీద వాటా,
ముందు గది, రాత బల్ల.
మే 6.

ప్రియమైన వదినగారికి,

మీ నాలుగో ఉత్తరం అందినది. చదివిన వెంటనే మేడ మీదికి వెళ్ళి చూశాను. రెండు నెలలుగా నేను కూర్చునే కుర్చీ వెనకాలే, పిట్టగోడ మూలన, పెద్ద తొట్టిలో మీ సొరపాదు ఉంది. నేను రోజూ దానికి వీపు పెట్టి కూర్చున్నాను. గొడుగు మూశాక దాని కర్రకే తగిలించేదాన్ని. కాయలు కాసేదాకా నాకు కనపడకపోవడం నా ఉద్యోగ చరిత్రలోనే అతి పెద్ద పొరపాటు.

మీరు ఊరుకోమన్నారు. ప్రయత్నించాను. సాయంత్రం టీ తాగుతూ కోడలు "ఏమైందత్తయ్యా, ముఖం అలా ఉంది?" అంది. నాకు దాచడం చేతకాదు వదినగారూ. ఫైలు తెచ్చి దాని ముందు పెట్టాను, చీరల కింద ఉత్తరంతో సహా. మీరిచ్చిన మొదటి పనిలో పొరపాటు చేశాను, రెండో పనిలో మాట తప్పాను. క్షమించండి.

అది నవ్వింది. "నాకు మొదటి రోజే తెలుసత్తయ్యా" అంది. "ఉప్పు లేకుండా చల్లార్చి అనగానే తెలిసింది. పుట్టినప్పటి నుంచి ఆ మాటలు వింటూ పెరిగాను."

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? ఆ నీళ్ళు ఎందుకు తాగావు?" అన్నాను.

"తాగలేదు, మీరు అటు తిరగ్గానే వెనక్కి తొట్టిలో పోసేశాను. ఎండ మాత్రం నిజంగానే కాచుకున్నాను. మీరు ఉత్తరం పట్టుకుని, పిల్లకి ఇది చెయ్యమంది మీ అమ్మ, అది చెయ్యమంది మీ అమ్మ అని చదువుతుంటే, ఆ పిల్ల నేనే అనుకుని కూర్చుందామనిపించింది. బాగుంది అత్తయ్యా. అందుకే ఊరుకున్నాను" అంది.

నవ్వుతూనే అంది కానీ కళ్ళు తుడుచుకుంది. మూడో ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నేల మీద దొర్లింది. నాలుగోది మాత్రం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కర్తే చదువుకుంది. సంచి గురించి మీరు రాసిన చోట వేలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత నా చేతిలో కలం లాక్కుంది. ఈ కాగితం మీద నేను రాయాల్సింది ఇంకా ఉంది, కానీ చోటు ఇవ్వమంటోంది. గిల్లడం రాదు కాబట్టి ఇస్తున్నాను.

మీ వదిన


అమ్మా,

ఇద్దరు పిల్లలూ కులాసా. సొరపాదు కొస నేను ఎప్పుడో గిల్లేశాను, నువ్వు రాయకముందే. ఆకుల కింద పేను లేదు. మూడు కాయలు నిలిచాయి, ఒకటి విత్తనానికి వదిలేశాను. నీ పిల్ల మెడ విరగలేదు, ఆ రోజు దారి పొడుగునా సంచి నిటారుగా పట్టుకునే కూర్చున్నాను. చేతులు లాగేశాయి.

రెండో పిల్లని మాత్రం ఇక్కడ ఎవరూ గిల్లడం లేదు. అత్తయ్యకి చెయ్యి రాదు, ఆయనకి ధైర్యం లేదు. ఈ వారం వ్యానెక్కి నువ్వే వచ్చి గిల్లు.

కత్తెర మాత్రం తేకు. అత్తయ్య నిజంగానే తలుపు తియ్యరు.